మధ్యాహ్నం రెండు గంటల పాట

పోయిన నెల నేను రిటైరయ్యాను. ఆఫీసువాళ్ళు కేకు కోయించి, ఒక పూలకుండీ చేతిలో పెట్టి, ఇక హాయిగా ఉండమని పంపించారు. హాయిగా ఉందామనే నేనూ అనుకున్నాను. పది రోజులు కాలేదు, ఆదివారం మా అమ్మాయి వచ్చి, చుట్ట చుట్టిన కాగితం ఒకటి విప్పి, ఫ్రిజ్ తలుపు మీద నాలుగు అయస్కాంతాలు పెట్టి అంటించింది. రంగురంగుల గళ్ళు. సోమవారం ఈత, మంగళవారం మట్టికుండల క్లాసు, బుధవారం స్పానిష్. "స్పానిష్ నాకెందుకే తల్లీ, నేనెవరితో మాట్లాడాలి?" అన్నాను. "మమ్, ఇట్స్ గుడ్ ఫర్ యువర్ బ్రెయిన్. డోంట్ వేస్ట్ యువర్ ఫ్రీ టైమ్," అంది. దానికి తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. నవ్వుకుంటూ ఒక్కో గడీ చూస్తూ వచ్చి ఒకచోట ఆగిపోయాను. రోజూ రెండు నుంచి మూడు దాకా ఉన్న గడిలో ఏమీ రాయలేదు. అది నా ఇష్టమట, ఏదో ఒకటి నేనే నింపుకోవాలట. ఆ ఖాళీ గడిని చూసేసరికి ఒళ్ళు ఝల్లుమంది. "వాట్స్ రాంగ్, మమ్?" అని అది కంగారుపడుతుంటే, ఏం లేదే, మీ నాయనమ్మ గుర్తొచ్చింది అని కుర్చీలో కూర్చుండిపోయాను.

ఎందుకంటే ముప్పై ఏళ్ళ పైమాట, అచ్చం ఇలాంటి కాగితమే నేనూ ఇదే ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించాను. అప్పటికి మేము ఇండియా నుంచి ఈ క్వేకర్స్ హిల్‌కి వచ్చి కొన్నాళ్ళే అయింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మా ఆయనకు హాస్పిటల్ ల్యాబులో షిఫ్టు డ్యూటీలు. నాకు పారమట్టాలో గవర్నమెంటు ఆఫీసులో ఫైళ్ళ సెక్షన్. పిల్లకు మూడేళ్ళు. దాన్ని చూసుకునే దిక్కులేక, మామగారు పోయాక రేపల్లె దగ్గర పల్లెలో ఒంటరిగా ఉన్న మా అత్తగారిని ఎనభై ఎనిమిదిలో పిలిపించుకున్నాం. ఇక్కడ కాలాలు తలకిందులు, ఆవిడ దిగింది జూలై చలిలో. తెల్లచీర మీద కొడుకు స్వెటర్, కాళ్ళకు మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు, చంకలో పాటల పుస్తకం. ఆ పుస్తకం అట్ట ఎప్పుడో ఊడిపోతే పాత చీర ముక్కతో కుట్టుకున్నారు. నిద్రపోయేటప్పుడు తప్ప అది ఆవిడ చెయ్యి వదిలేది కాదు. నెలకోసారి బ్లాక్‌టౌన్‌లో అద్దె హాల్లో మా తెలుగు ఆరాధన జరిగేది. పాస్టరు గారు నూట పధ్నాలుగో పాట అనడం తరువాయి, అందరికంటే ముందు పేజీ తీసేవారు మా అత్తగారే. ఆవిడ గొంతు ముందు, మా అందరి గొంతులూ వెనక. అక్కడివాళ్ళందరికీ ఆవిడంటే భలే గౌరవం.

ఇంట్లో శనివారం ఉత్తరాల రోజు. మా ఆడపడుచు బాపట్లలో టీచరు. పది పదిహేను రోజులకోసారి నీలం రంగు ఎయిర్ లెటరు రాసేది, బోర్డు మీద పిల్లలకు రాసినంత గుండ్రంగా, వివరంగా. దాన్ని నేను చదివి వినిపించాలి. అత్తగారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ప్రార్థనకు కూర్చున్నట్టు కొంగు తలమీదికి లాక్కుని వినేవారు. అంతా అయ్యాక చెయ్యి చాపేవారు. ఉత్తరం ఇస్తే దాని మీద ఒకసారి అరచెయ్యి రాసి, మడతపెట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవారు. "మీరే చదువుకోవచ్చుగా అత్తయ్యా, అక్షరాలు పెద్దవేగా?" అంటే, "కళ్ళజోడు పెట్టుకుంటే తల తిరుగుద్దమ్మాయ్," అనేవారు. సరే పాపం అని మూడుసార్లు షాపింగ్ సెంటరుకు తీసుకెళ్ళి మూడు కళ్ళజోళ్ళు చేయించాను. మూడింటికీ తల తిరిగింది. ఇక నా వల్ల కాదు బాబూ అని వదిలేశాను.

ఇంతలో నాకో పిచ్చి పట్టింది. మా ఆఫీసులో ఒకావిడ వచ్చి ఖాళీ సమయం గురించి ఉపన్యాసం ఇచ్చింది. వారంలో మనకు ఎన్ని గంటలు మిగులుతాయో, వాటిని వృథా చేసుకుంటే జీవితం ఎలా నీరుగారిపోతుందో బోర్డు మీద గీసి చూపించింది. నాకు నిద్ర మత్తు వదిలినట్టయింది. మంగళ, గురువారాలు సాయంకాలం కంప్యూటరు క్లాసు. రైల్లో చెవులకు యంత్రం తగిలించుకుని ఇంగ్లీషు ఉచ్చారణ క్యాసెట్లు. పొద్దున్నే నడక. నేనొక్కదాన్నే బాగుపడితే ఎలా అని ఇంట్లోవాళ్ళందరినీ బాగుచేయడానికి పూనుకున్నాను. మా అమ్మాయి బడిలో చేరిన తొంభయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో, పెద్ద కాగితం మీద గళ్ళు గీసి, నాకొక వరస, మా ఆయనకొక వరస, అత్తగారికొక వరస కేటాయించి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆయన తన వరస చూసి, "నేను గిటార్ ఎప్పుడు నేర్చుకుంటానన్నానే?" అని నోరు తెరిచాడు. ఎప్పుడో కాలేజీలో అన్నాడు, నేను గుర్తుపెట్టుకున్నాను.

అత్తగారి వరస మాత్రం ఖాళీగా ఉంచాను. "అత్తయ్యా, పిల్ల బడికెళ్ళిపోతే తొమ్మిది నుంచి మూడు దాకా మీకు బోలెడు ఖాళీ. టీవీలో అర్థంకాని సీరియళ్ళు చూస్తూ కూర్చునే బదులు ఏదన్నా నేర్చుకోవచ్చుగా?" అని పెద్ద ఆరిందాలాగా చెప్పాను. ఆవిడ ఆ కాగితం ముందు నిలబడి చాలాసేపు చూశారు. "నా వరస ఏదమ్మాయ్?" అన్నారు. చూపించాను. "అందులో ఏం రాశావు?" అన్నారు. ఖాళీగా ఉంది కదా, కనపడటంలేదా అని విసుక్కుని, ఏమీ రాయలేదు, మీరే చెప్పాలి అన్నాను. "అట్టాగే ఉండనియ్," అని వెళ్ళి చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నారు. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో ఒక్క క్షణం ఆగి ఆలోచించే తీరిక నాకు లేదు. నా గళ్ళన్నీ నిండి ఉన్నాయి మరి.

కొన్నాళ్ళకు అందరినీ 'లవ్' అని పిలిచే పక్కింటి ముసలావిడ చెత్తడబ్బా బయటపెడుతూ నన్ను ఆపింది. "మీ అత్తగారు బాగా పాడుతుంది, లవ్. కానీ రోజూ రెండు గంటలకు ఆ ఒక్క పాటే ఎందుకు? మధ్యమధ్యలో ఎందుకు ఆగిపోతుంది?" అంది. ఏమో, నాకేం తెలుసు అన్నాను. తర్వాత జలుబు చేసి ఒకరోజు ఇంట్లో ఉండిపోయినప్పుడు గోడ అవతల నుంచి నేనూ విన్నాను. ఆదివారం గుక్కతిప్పుకోకుండా పాడే మనిషి, ఒక మాట పాడి ఆగుతున్నారు. మళ్ళీ అదే మాట. ఇంకో మాట. పొడిదగ్గు. మళ్ళీ మొదటినుంచి. నాకు భయమేసింది. సాయంత్రం మా ఆయనతో, "మీ అమ్మకు మతిమరుపు మొదలైనట్టుంది, నోటికొచ్చిన పాటలే మర్చిపోతున్నారు, డాక్టరుకు చూపిద్దాం," అన్నాను. ఆయన బెంగపెట్టుకుని వాళ్ళమ్మను నెల రోజులపాటు రోజూ ఇవాళ ఏ వారమో, ఇది ఏ నెలో అడిగాడు. ఆవిడ ప్రతిసారీ టక్కున చెప్పి, "ఏందిరా, నీకు తెలవట్లేదా?" అని ఎదురు అడిగేవారు.

ఆ జూలైలోనే ఆ ఉత్తరం వచ్చింది. పోస్టుడబ్బా దగ్గరే నిలబడి చదివి మా ఆయన తెల్లబోయాడు. వాళ్ళ పెద్దమ్మ, అంటే మా అత్తగారి సొంత అక్క, చనిపోయింది. మూడు రోజుల జ్వరమట. సమాధి కార్యక్రమం కూడా అయిపోయింది. అమ్మకు మెల్లగా చెప్పండి అని రాసింది ఆడపడుచు. తల్లి చిన్నప్పుడే పోతే మా అత్తగారిని ఎత్తుకుని పెంచింది ఆ అక్కేనని నాకు తెలుసు. ఆవిడ ఊళ్ళో ఫోను లేదు. ఉత్తరాల్లో ఒక పేరాలో ఆవిడ సంగతులుండేవి, ఆ పేరా వచ్చినప్పుడు అత్తగారు కొంచెం ముందుకు వంగేవారు. "చెప్పొద్దు," అన్నాడు మా ఆయన. "బీపీ మనిషి. ఇప్పటికిప్పుడు తీసుకెళ్ళలేం. ఇక్కడ ఏడిస్తే ఓదార్చడానికి ఎవరున్నారు? వచ్చే ఏడు ఇండియా వెళ్ళినప్పుడు చెబుదాం." మన ఇళ్ళల్లో ఇది మామూలే కదా. దూరాన ఉన్నవాళ్ళకు చావు కబురు చెప్పకుండా దాచడాన్ని మనం ప్రేమ అనే అనుకుంటాం. నేనూ తలూపాను. ఆడపడుచుకు కూడా ఇకమీదట ఆ సంగతి రాయొద్దని చెప్పాం.

ఆ శనివారం చదువుతూ చదువుతూ ఆ పేరా దగ్గరికి వచ్చాను. కళ్ళు కిందికి దాటించి, "పెద్దమ్మ కులాసా. నిన్ను అడిగినట్టు చెప్పమంది," అన్నాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను. "అక్కకు మోకాళ్ళు ఎట్టా ఉన్నయ్యంట?" అన్నారు అత్తగారు. తగ్గాయట అన్నాను. అంతే, ఆ రోజునుంచి చనిపోయిన మనిషి బాగోగులు నా మెడకు చుట్టుకున్నాయి. తర్వాతి ఉత్తరంలో పెద్దమ్మకు పన్ను పీకించాను. ఆ తర్వాత దొడ్లో బీరపాదు పెట్టించాను. అక్టోబరులో ఆవిడ గేదె ఈనిందని, పెయ్యదూడ అని, నుదుటి మీద తెల్లమచ్చ ఉందని చదివాను. అత్తగారి మొహం ఎంత వెలిగిపోయిందో! "పేరేం పెట్టిందంట?" అన్నారు. ఈసారి అడిగి రాస్తానందట అని అప్పటికి తప్పించుకుని, తర్వాతి ఉత్తరంలో రాణి అని పేరు పెట్టాను. రాణి చెంగుచెంగున గెంతింది, గడ్డివాము పడేసింది, ఎదురింటి వాళ్ళ పాదు మేసేసి తిట్లు తినిపించింది. అబద్ధం ఆడుతున్నానన్న బాధకంటే బాగా ఆడుతున్నానన్న సంబరమే ఎక్కువగా ఉండేది నాకు. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. నా ఖాళీ సమయంలో నేను నిజంగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఉత్తరం మాత్రం ఎప్పటిలాగే ఆవిడ చెయ్యి చాపితే ఇచ్చేశాను. చావు రాసి ఉన్న ఆ ఉత్తరాన్ని కూడా. అరచెయ్యి రాసి, మడతపెట్టి, డబ్బాలో పెట్టుకున్నారు. కళ్ళజోడే పెట్టుకోని మనిషి చదువుతారని ఎవరనుకుంటారు!

తొంభై ఒకటి ఏప్రిల్‌లో ఒకరోజు మా ఆఫీసులో కరెంటు పోయి, ఎంతకీ రాక, ఒంటిగంటకే ఇళ్ళకు పొమ్మన్నారు. స్టేషన్ నుంచి నడిచి వచ్చి, ఎండలో బట్టలేమన్నా ఆరేశారేమో తీద్దామని పెరటివైపు నుంచి లోపలికి వచ్చాను. రెండవుతోంది. పాట వినపడటంలేదు. దాని బదులు చిన్న గొంతుతో ఏదో గుణింతం చెబుతున్నట్టు వినిపిస్తోంది. వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలువునా కొయ్యబారిపోయాను. బల్ల మీద బిస్కెట్ల డబ్బా మూత తీసి ఉంది. అత్తగారి ముందు ఒక ఎయిర్ లెటరు, పక్కనే తెరిచిన పాటల పుస్తకం. తలతిరుగుతుందని మూలన పడేసిన మూడో కళ్ళజోడు ముక్కు మీద ఉంది. మొదట నాకు ఒళ్ళు మండిపోయింది. ఓసి నా తల్లో, చక్కగా కనపడుతూనే ఉందన్నమాట, మూడేళ్ళనుంచి నాచేత ఊడిగం చేయించుకుంటున్నారా అనుకున్నాను.

కానీ ఆవిడ వేలు కదలడంలేదు. ఒక అక్షరం కింద ఆగింది. పెదాలు కదిపి చూశారు. రాలేదు. పక్కన పుస్తకంలో పాట మొదలు నుంచి వేలు పెట్టుకుని లోలోపల పాడుకుంటూ వెళ్ళి, ఒక మాట దగ్గర ఆగి, ఆ అక్షరాన్ని గట్టిగా పలికి, పరుగున వచ్చినట్టు మళ్ళీ ఉత్తరంలోకి వచ్చి అదే అక్షరం మీద వేలు పెట్టి పలికారు. "ణ," అన్నారు. చంటిపిల్ల మొదటిసారి నిలబడినప్పుడు నవ్వినట్టు నవ్వుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు. అమ్మబాబోయ్, ఈవిడకు చదువు రాదు! ఎప్పుడూ రాదు. ఆదివారం అందరికంటే ముందు పేజీ తీసే మనిషికి అంకెలు వచ్చు, పాటలన్నీ కంఠతా వచ్చు, అక్షరం ముక్క రాదు. నేనేమో ఆవిడను ఫ్రిజ్ ముందు నిలబెట్టి, ఖాళీగా ఉంది కనపడటంలేదా అని విసుక్కున్నాను. రెండు గంటల పాట మతిమరుపు కాదు, బడి. ఆ ఆశ్చర్యంలో నుంచి తేరుకునే లోపలే ఆ చావు ఉత్తరం గుర్తొచ్చింది. ఆవిడ చేతిలో ఉన్నది పాత ఉత్తరం, వచ్చిన కొత్తలోది. వరసగా చదువుకుంటూ వస్తున్నారు. ఇవాళ కాకపోతే వచ్చే వారం ఆ ఉత్తరం దగ్గరికి వచ్చేస్తారు. చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, ఇల్లు చుట్టి వచ్చి, ముందు తలుపు గంట నొక్కాను. తలుపు తీసేసరికి బల్ల మీద చిక్కుడుకాయలు తప్ప ఏమీ లేవు.

సాయంత్రం మా ఆయనకు చెప్తే ఆయన మొహం చూడాలి. "అమ్మకు చదవడం రాదా?" అన్నాడు. నన్నడుగుతారేంటండీ, కన్న కొడుకు మీరు అన్నాను. నాలుగో తరగతికే హాస్టలుకు వెళ్ళిపోయాడు. ఉత్తరాలన్నీ నాన్న రాసేవాడు, నాన్న చదివేవాడు. అమ్మ చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉండేది, ఇంక అనుమానం ఎందుకొస్తుంది అని తల పట్టుకున్నాడు. పాస్‌పోర్టు మీద సంతకం ఎలా పెట్టారంటే, ముగ్గు గీసినట్టు మెల్లగా గీసింది, చెయ్యి వణుకుతోందేమో అనుకున్నానన్నాడు. కాసేపటికి తేరుకుని, "ముందు ఆ ఉత్తరం తీసెయ్," అన్నాడు. శుక్రవారం ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు దొంగలాగా డబ్బా తెరిచి, ఆ ఉత్తరం వెతికి నా హ్యాండ్‌బ్యాగులో దాచేశాను. నేర్చుకోమని ఊదరగొట్టింది నేనే, నేర్చుకున్నారని తెలిశాక దొంగతనం చేసిందీ నేనే.

శనివారం పొద్దున కాఫీలయ్యాక అత్తగారు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. కొత్త ఉత్తరమేమీ రాలేదు ఆ వారం. "అమ్మాయ్, ఒకటి తక్కువుంది," అన్నారు. మా ఆయన సింకు దగ్గర కప్పు కడుగుతూ అలాగే ఉండిపోయాడు. "నీ బ్యాగులో ఉంటే ఇచ్చెయ్. దాని దాకా నేను పోయిన నెలే వచ్చా," అన్నారు మామూలు గొంతుతో. మరి మొన్న మీరు చదువుతున్నది పాత ఉత్తరం కదా అని నసిగాను. "నువ్వు గుమ్మంలో నిలబడ్డం చూశాలే. అది రెండోసారి చదవటం." కొంగుతో కళ్ళజోడు తుడిచి బల్ల మీద పెట్టారు. "అక్క పోయిందని చదివా. నాకింకా చదవటం సరిగ్గా రాలేదేమో అనుకున్నానమ్మాయ్. ఏ అక్షరమో తప్పుగా పట్టుకున్నానేమో అని. నువ్వేమో గేదె ఈనిందంటివి, దూడకు పేరు పెట్టిందంటివి. అందుకని ఆ తర్వాతవన్నీ చదివి, మళ్ళీ మొదట్నించీ పట్టుకున్నా. దూడ ఎక్కడా లేదు."

నేల చీలితే బాగుండుననిపించింది. అమ్మా, నీ బీపీ అని మా ఆయన ఏదో మొదలుపెట్టాడు. అంతవరకూ ఒక్క మాట గట్టిగా అని ఎరగని మనిషి, బల్ల మీద చరిచారు. "నోర్ముయ్‌రా! తొమ్మిది నెలలు! చచ్చిపోయిన మనిషికి మోకాళ్ళ నొప్పులు తగ్గినయ్యా అని అడుగుతా కూకున్నా నేను. మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా అక్క కోసం నేను ఏడవొద్దా? అదీ మీరే చెయ్యాలా నాకు బదులు?" అని అప్పుడు ఏడ్చారు. కొంగు నోట్లో కుక్కుకుని, కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగుతూ. దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టారు. నేనూ ఏడ్చాను, కానీ అక్కడ ఏడ్చే హక్కు నాకు లేదని తెలుస్తూనే ఉంది.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లను బడికి తీసుకెళ్ళడం, తీసుకురావడం, వంట, అన్నీ మామూలే, నాతో మాట మాత్రం లేదు. ఐదోరోజు సాయంత్రం నేను రైలు దిగి వచ్చేసరికి వంటింట్లో కూర్చుని ఉన్నారు. ఎవరు నేర్పారు అత్తయ్యా అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. "ఎవరు నేర్పుతారు? పాట నోటికొచ్చు. అంకె చూసి పేజీ తీయటం వచ్చు. నోట్లో ఉన్న మాటే గదా వేలు కింద ఉండేది? ఆగి ఆగి పాడుకుంటా ఒక్కో అక్షరం పట్టుకున్నా," అన్నారు. చిన్నప్పుడు అక్క బడికి వెళ్తే ఈవిడ గేదెలతో వెళ్ళారట. నీకు నేను నేర్పుతాలే అని అక్క ఎప్పుడూ అనేదట. ఇద్దరికీ ఎప్పుడూ ఖాళీ చిక్కలేదు. విమానం ఎక్కడానికి వచ్చేటప్పుడు బస్సు కిటికీ దగ్గర నిలబడి, అక్కడ నీకు పొలం పని లేదు, గొడ్డూగోదా లేదు, బోలెడు ఖాళీ దొరుకుద్ది, నేర్చుకుని నీ చేత్తో నాకొక్క ఉత్తరం రాయి అందట. "నువ్వు ఆ కాగితం అంటించి ఖాళీ ఖాళీ అంటంటే, మా అక్కే అంటన్నట్టు ఉండేది," అన్నారు.

పాటల పుస్తకంలోంచి నోటుబుక్కు కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టారు. అక్క పోయిందని చదవక ముందురోజు రాసిందట. "తప్పులుంటే చెప్పు," అన్నారు. పెన్సిలు నొక్కి నొక్కి రాయడంలో కాగితం రెండుచోట్ల చిరిగింది. ఇంతింత అక్షరాలు, గీత మీద ఒకటి, గీత కింద ఒకటి. "అక్కకు వందనాలు. నేను కులాసా. ఇది నేనే రాశాను. ఎవరూ రాసి పెట్టలేదు. నువ్వు అన్నట్టే ఇక్కడ నాకు ఖాళీ దొరికింది. రాణి ఎంత పెద్దది అయింది."

తప్పులేమీ లేవు అత్తయ్యా అన్నాను. నా కళ్ళు ఫ్రిజ్ మీద నా వరస దగ్గరే ఆగిపోయాయి. కంప్యూటరు, ఉచ్చారణ, నడక, వ్యాయామం. ఎన్ని గళ్ళో. అందులో ఒక్క అరగంట తీసి ఆవిడ పక్కన కూర్చుని ఉంటే రెండు నెలల్లో వచ్చేసేది చదువు. పెద్దమ్మకు జ్వరం రాక ముందే ఈవిడ ఉత్తరం ఆవిడ చేతికి చేరేది. నాకు తెలియదు, నిజమే. కానీ తెలుసుకోవడానికి ఆవిడ ఆ రోజు అడిగిన ఒక్క ప్రశ్న చాలు, నేను విసుక్కోకుండా విని ఉంటే. లేచి వెళ్ళి ఆ కాగితం చింపబోయాను. "ఎందుకు చింపుతావు? నా వరస అందులో ఉంది గదా," అన్నారు. దాంతో అది పసుపుపచ్చబడి దానంతటది రాలిపోయేదాకా అక్కడే ఉండిపోయింది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. "డిడ్ షీ ఫర్గివ్ యూ?" అని అడిగింది చివరికి. ఏమో, ఎలా చెప్పను? ఆ తర్వాత ఆవిడ మా దగ్గర పదేళ్ళకు పైగా ఉన్నారు. రోజూ రెండింటికి ఏదో ఒకటి చదువుకునేవారు, ఏదో ఒకటి రాసుకునేవారు. కానీ శనివారం ఉత్తరం వస్తే మాత్రం ఎప్పటిలాగే నా చేతికే ఇచ్చి, "చదువమ్మాయ్," అనేవారు. ఇదివరకులా ఎదురుగా కాదు, నా పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చునేవారు. కళ్ళజోడు పెట్టుకుని, నేను చదువుతున్నంతసేపూ, ప్రతి మాట కిందా వేలు పెట్టుకుంటూ వచ్చేవారు.

మా అమ్మాయి వెళ్ళిపోయాక ఆ కాగితం ముందు నిలబడ్డాను. స్పానిష్ కొట్టేశాను, ఈత ఉంచాను. రెండు నుంచి మూడు గడిలో ఏం రాయాలో తోచలేదు. ఖాళీ అనేది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. ఎవరి కోసం నేర్చుకుంటున్నామో ఆ మనిషి ఉండగానే దొరకాలి, అంతే.